ఎన్ని ఎత్తులు ముందు చూడాలి?

దూరదృష్టి:
మంచి నిర్ణయమంటే ఎక్కువ దూరం చూడటమే అని నా వాదన. చదరంగంలో ఓడినప్పుడల్లా నాకు అర్థమయ్యేది ఒకటే, అవతలివాడు నాకంటే రెండు ఎత్తులు ముందు చూశాడు. ఉద్యోగం, అప్పు, చదువు, ఏదైనా అంతే కదా?

తెల్లబంటు:
ఆ నమ్మకాన్ని దెబ్బకొట్టింది చదరంగమేనండీ. డచ్ మనస్తత్వవేత్త అడ్రియాన్ డి గ్రూట్ ఆటగాళ్లకు ఒక ఆట మధ్యలోని బోర్డు చూపించి, మనసులో నడిచేదంతా పైకి చెప్పమన్నాడు. 1946లో అది పుస్తకంగా వచ్చింది. గ్రాండ్‌మాస్టర్లు కిందిస్థాయి వాళ్లకంటే పెద్దగా లోతుకేమీ పోలేదు. పనికొచ్చే ఎత్తు మీద వాళ్ల చూపు ముందే పడింది, తేడా అదే. తెల్లపావుల ఆటగాడి మొదటి ఎత్తుకే 20 దారులు, నల్లపావుల ఆటగాడు బదులిచ్చేసరికి 400. అన్నీ లెక్కేస్తూ కూర్చోవడానికి మనం యంత్రాలం కాదు.

దూరదృష్టి:
1946 దగ్గరే ఆగిపోతే ఎలా? 2023లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నాలుగు బిళ్లలు వరసగా పేర్చే ఆట, 36 గళ్ల బోర్డు. ఆడి ఆడి ఆరితేరినకొద్దీ జనం మరింత ముందుకు చూస్తున్నారని తేలింది.

పక్కబెంచి:
ఇద్దరూ లోతు గురించే కొట్టుకుంటున్నారు. ఎక్కడ ఆపేస్తామో అడగరేం? 2012లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఒక దారిలో పెద్ద నష్టం కనబడగానే మనుషులు ఆ దారి గురించిన ఆలోచనను చెట్టు కొమ్మలా అక్కడే నరికేశారు, దాని వెనక మంచి లాభం ఉన్నా సరే. నేనూ ఒక ఉద్యోగం అలాగే వదులుకున్నాను. మొదటి ఏడాది జీతం తగ్గుతుంది అనగానే టెన్షన్ పట్టుకుంది, ఆలోచన అక్కడే ఆగింది. రెండో ఏడాది సంగతి లెక్కే వేయలేదు. (వేసినా చేరేదాన్నో లేదో, అది వేరే విషయం.)

తెల్లబంటు:
కానీ ఆ నరకడమే లేకపోతే 400 దగ్గరే చిక్కుకుపోతాం. పైగా చదరంగంలో నియమాలు మారవు. ఉద్యోగంలో మూడో ఎత్తు వేసేలోపు బోర్డే మారిపోవచ్చు.

పక్కబెంచి:
నరకొద్దనట్లేదు. భయంతో నరికిన కొమ్మను మాత్రం ఇంకొక్క ఎత్తు ముందుకు చూసి అప్పుడు వదిలేయమంటున్నా.

దూరదృష్టి:
మరి నేను మొదట్నుంచీ అంటున్నది ఏంటి?