అప్‌డేట్: 1907 హై రిలీఫ్ నాణేన్ని మళ్లీ గ్రేడింగ్‌కు పంపడం లేదు

నా దగ్గర 1907 నాటి హై రిలీఫ్ (బొమ్మ బాగా ఉబ్బెత్తుగా ఉండే) అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెం ఉంది. దానికి ఏయూ 58 గ్రేడు, అంటే అరుగుదల చాలా స్వల్పమని, వచ్చింది. గ్రేడింగ్ సంస్థ సీలు వేసిన ప్లాస్టిక్ కేసు పగలగొట్టి తిరిగి పంపితే ఎంఎస్ 62, అంటే అరుగుదలే లేని నాణేలకిచ్చే గ్రేడు, రావచ్చా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. అరుగుదల ముందుగా కనిపించే చోట్లు కాబట్టి, నాణెం మీది లిబర్టీ (స్వేచ్ఛాదేవత) మూర్తి మోకాలు, వక్షస్థలం చూడమని మీలో ఎక్కువమంది సూచించారు.

ఒకే దీపం కింద, ఐదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో, నాణేన్ని మెల్లగా తిప్పుతూ మూడు రాత్రులు పరిశీలించాను. నేపథ్యంలో సుడులు తిరిగినట్టు కనిపించే సన్నని గీతలే నన్ను మొదటినుంచీ భయపెట్టాయి. అయితే అవి పైకి ఉబ్బి ఉన్నాయి కాబట్టి, అచ్చుదిమ్మను మెరుగుపెట్టినప్పుడు దానిపై పడిన గాట్లే నాణెం మీద గీతలుగా దిగాయని, ఈ రకం నాణేలకు అది సహజ లక్షణమేనని అర్థమైంది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కుడివైపు అంచు దగ్గర లోపలికి దిగిన గీతలు నాలుగైదు ఉన్నాయి. ఎవరో ఎప్పుడో గుడ్డతో తుడిచి ఉంటారు. మోకాలి మీద మెరుపు తెగిపోయి, రంగు మందగించింది. అది అరుగుదలే, నేను ఇన్నాళ్లూ ఒప్పుకోలేదంతే.

కేసు పగిలితే ఇప్పుడున్న గ్రేడు, దానితో వచ్చే హామీ రెండూ పోతాయి. శుభ్రం చేసిన నాణెమంటూ గ్రేడు అంకె లేకుండా తిప్పి పంపినా ఆశ్చర్యం లేదు. అందుకే పంపడం లేదు. కొత్త ఫోటోలు మాత్రం తీయించుకుంటున్నాను.