మిద్దె తోటలో మొక్క చెప్పేది ఎలా అర్థం చేసుకోవాలి?

పటమట మిద్దెతోట:
మూడో అంతస్తు పైన 12 అంగుళాల మట్టి కుండీల్లో మిరప, టమాటా ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి మిరప ఆకులు వాలిపోతుంటే వెంటనే నీళ్లు పోస్తున్నాను. అయినా పది రోజులుగా కింది ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలుతున్నాయి. మొక్కలతో మాట్లాడాలంటారు కదా, అసలు అవి ఏం అడుగుతున్నాయో ఎలా తెలుస్తుంది?

ఒండ్రుమట్టి:
మధ్యాహ్నం వాలిన ఆకుని నమ్మకండి. ఆకులోంచి ఆవిరయ్యేంత నీటిని ఆ వేళప్పుడు వేర్లు అందించలేవు, అంతే. సాయంత్రం తేరుకుంటే ఏ ఇబ్బందీ లేనట్టే. పొద్దున్న ఆరింటికి చూడండి. అప్పటికీ వాలి ఉంటే మట్టిలో రెండు కణుపుల లోతుకి వేలు పెట్టండి. పొడిగా ఉంటే అది దాహం. తడిగా ఉంటే వేర్లకు గాలాడక కుళ్లుతున్నాయని అర్థం. రోజూ నీళ్లు పోస్తే కింది ఆకులు రాలేది కూడా ఇందుకే.

మట్టి కుండీని వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. ఖంగుమంటే లోపల ఎండింది, మొద్దుగా పలికితే తడి ఉంది. ముందు అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి, కింద రెండు ఇటుక ముక్కలు పెట్టండి. నల్లరేగడి ఒక్కటే నింపి ఉంటే మార్చక తప్పదు. ఎండితే అది కుండీ గోడను వదిలేస్తుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచే కిందికి జారిపోతాయి. ఒండ్రుమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి.

గుంటూరు మిరప:
పై సమాధానం సరైనదే. దానితో పాటు లక్షణం ఏ ఆకుల్లో మొదలైందో చూడాలి. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకి పంపుతుంది, కాబట్టి కింది నుంచి పాలిపోతుంది. ఇనుము అలా కదలదు. అందుకే అది చాలకపోతే లేతాకు పసుపుగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మీ మొక్కలో కింది ఆకులే రాలుతున్నా మట్టి తడిగా ఉన్నంతకాలం ఎరువు వేయకండి, కుళ్లిన వేరు దాన్ని తీసుకోలేదు.

మిరపలో ముడత కూడా చూడండి. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా ఉంటే పై ముడత, అది రసం పీల్చే తామర పురుగు (త్రిప్స్) పని. అంచులు కిందికి వంగి, కాడ సాగి, ఆకు సన్నబడితే కింది ముడత, అది తెల్లనల్లి (మైట్) పని. రెండింటికీ మందులు పూర్తిగా వేరు.

పటమట మిద్దెతోట:
ఈరోజు ఆరింటికి చూశాను. ఆకులు నిలబడే ఉన్నాయి, లోపల తడి ఉంది, రంధ్రం మూసుకుపోయి ఉంది. చిగురాకుల అంచులు మాత్రం కిందికి వంగి ఉన్నాయి.

గుంటూరు మిరప:
అయితే తెల్లనల్లే. కంటికి ఆనదు, ఆకు అడుగున ఉంటుంది. బాగా ముడిచిన చిగుళ్లు గిల్లి చెత్తలో వేయండి, కుండీలో వేయొద్దు. నీటిలో కలిసే గంధకం లీటరుకి 3 గ్రాములు, సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగండి.

ఒండ్రుమట్టి:
మాట్లాడటం గురించి అడిగారు. మొక్క తాకిడికి స్పందిస్తుందన్నది రుజువైన విషయం, అత్తిపత్తిలో కంటికే కనబడుతుంది. టమాటా నారు సాగిపోతుంటే రోజుకి రెండు పూటలా, ఒక్కో పూట పదేసి సార్లు అరచేత్తో పైపైన నిమరండి. కాండం పొట్టిగా, గట్టిగా ఎదుగుతుంది. 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు నీళ్లు అందని టమాటా మొక్కలు మన చెవికి అందనంత హెచ్చు శ్రుతిలో టిక్కుమనే శబ్దాలు చేస్తాయని నమోదు చేశారు. మనం వినలేం గానీ, పొద్దున్నే చెయ్యి వేస్తే తెలిసేది చాలా ఉంది. ఆకులు తడిగా ఉన్నప్పుడు మాత్రం నిమరకండి, ఒక మొక్క తెగులు మరో మొక్కకు చేతులతోనే అంటుకుంటుంది.