దుకాణం నడిపేది ఓనరా, ట్యాబా?

గల్లాపెట్టె:
మాది బెజవాడలో కిరాణా కొట్టు, నాన్న పెట్టింది. ఇదివరకు కంపెనీ సేల్స్‌మన్ లైన్‌కి వస్తే "ఏం రాయమంటారన్నా" అనేవాడు. ఇప్పుడు ట్యాబ్ తీసి "మీ షాపుకి ఇది పడింది" అంటున్నాడు. పోయినేడు ఇదే వారం నేనెంత కొన్నానో చూసి అదే ఆర్డర్ కట్టేస్తుందట.

2022లో దీపావళి అక్టోబర్ 24న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడి నవంబర్ 12కి పోయింది. దాంతోపాటే కార్తీకమూ వెనక్కి జరిగిందని ట్యాబ్‌కి ఎవరు చెప్పాలి? అక్టోబర్ ఆఖర్లోనే దీపం నూనె, అగరబత్తి కేసులు నా నెత్తిన పెట్టబోయింది. వద్దన్నా. తీరా కార్తీక సోమవారాలు వచ్చేసరికి డిస్ట్రిబ్యూటర్ దగ్గర సరుకు నిల్! బిగ్ డేటా అట, అంటే ఇలా కుప్పలుగా పోగేసిన లెక్కలు, వ్యాపారాన్ని మార్చేస్తోందని ఒకటే ఊదరగొడుతున్నారు. పంచాంగం తెలియని లెక్క మాకెందుకండీ?

లెక్కలబాబు:
అన్నా, నేను చేసేది ఈ పనే. అది డేటా తప్పు కాదు, మోడల్, అంటే ఆ అంచనా వేసే ప్రోగ్రామ్, కట్టినవాడి బద్ధకం. తిథుల పట్టిక ఒక కాలమ్‌గా ఇస్తే పోయేదానికి వదిలేశాడు. సరిగ్గా అడిగితే మనకి తోచనివి కూడా బయటపడతాయి. 2004లో ఫ్లోరిడా మీదికి ఫ్రాన్సిస్ తుఫాను వస్తుంటే అమెరికా సూపర్‌మార్కెట్ కంపెనీ వాల్‌మార్ట్ వాళ్లు కొద్ది వారాల ముందొచ్చిన చార్లీ తుఫాను నాటి అమ్మకాలు తిరగేశారు. టార్చిలైట్లు ఎవరైనా ఊహిస్తారు. స్ట్రాబెర్రీ పాప్‌టార్ట్‌లు, అంటే ప్యాకెట్‌లో వచ్చే తీపి తినుబండారాలు, మామూలుకన్నా ఏడు రెట్లు పోయాయని తేలింది! పొయ్యి వెలిగించక్కర్లేదు, చెడిపోవు. లారీల్లో ముందే పంపించారు.

నైట్‌డ్యూటీ:
మా అమ్మకి తోచేది. తుఫానని టీవీలో చెప్పగానే అటుకులు, మరమరాలు తెప్పిస్తుంది.

లెక్కలబాబు:
ఏ ఊరి కొట్టుకి ఎన్ని బస్తాలు పంపాలో కూడా అమ్మే చెబుతారా?

బెర్లిన్ తెలుగోడు:
పంచాంగం సంగతి అలా ఉంచండి. ఆ అమ్మకాల లెక్క ఎవరిది, ఎవరు వాడుకుంటున్నారు? యూరోపియన్ యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్ అమెజాన్‌ని పట్టుకుంది ఇక్కడే. తన సైట్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారుల లెక్కలు చూసి, వాళ్లకే పోటీగా సరుకు అమ్ముకుంటోందని ఆరోపణ. ఇకపై అలా వాడనని మాటిచ్చాక 2022 డిసెంబర్‌లో ఆ కేసు ముగిసింది. మన దేశంలో 2023లో చేసిన డేటా రక్షణ చట్టం రాసింది మనుషుల వ్యక్తిగత డేటా కోసం. గల్లాపెట్టె గారి కొట్లో నూనె ఎన్ని కేసులు పోయిందన్నది దానికి పట్టదు.

గల్లాపెట్టె:
అదీ మాట. నా కొనుగోళ్లన్నీ వాళ్ల దగ్గరున్నాయి, రెండేళ్లవి ఓసారి చూపించమంటే "ఆ ఆప్షన్ లేదన్నా" అంటాడు సేల్స్‌మన్. పాపం, వాడి టార్గెట్ వాడిది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. క్యూఆర్ కోడ్ మీద రోజూ పడే డబ్బు చూసి ఒక యాప్ వాడు లోను ఇచ్చాడు, హామీ సంతకం కూడా అడగలేదు. కొత్త ఫ్రిజ్ దాంతోనే కొన్నా. బ్యాంకు చుట్టూ తిరిగితే ఆ వేసవి దాటిపోయేది.

తమ్ముడూ, ఆ తిథుల కాలమ్ ఏదో నేను ఎక్సెల్‌లో పెట్టుకోవచ్చా? ఆరేళ్ల ఖాతా పుస్తకాలు అటక మీదున్నాయి.

లెక్కలబాబు:
భేషుగ్గా! ఫోటోలు తీసి పంపండన్నా, నేను చూస్తా.

గల్లాపెట్టె:
పంపను. నువ్వే కొట్టుకి రా, టీ తాగుతూ చూద్దువు.