అప్‌డేట్: ఈ వయసులో గానుగ నూనె వ్యాపారం అవసరమా అని అడిగాను కదా

అంబాజీపేట దగ్గర మా ఇంట్లోనే గానుగ కొబ్బరినూనె తీసి అమ్మొచ్చా, 57 ఏళ్ళకి ఇది అవసరమా అని కిందటేడు అడిగానండి. మొదలెట్టేశాను.

తలనూనె అని లేబుల్ వేయమని చాలామంది చెప్పారు. వేయలేదు. తలనూనె అంటే కాస్మెటిక్ కిందకి వస్తుంది, తయారీకి వేరే లైసెన్సు కావాలి. వంటనూనెగా అయితే మనలాంటి చిన్న వ్యాపారాలకి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయలు. కొన్నవాళ్ళు తలకి రాసుకుంటారో, దోసెల మీద పోసుకుంటారో వాళ్ళిష్టం! చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితమే. డబ్బడిగిన ఏజెంటుకో దణ్ణం పెట్టి, మా అబ్బాయి చేత ఫోన్‌లో చేయించాను.

అసలు కష్టమంతా కొబ్బరి ఎండబెట్టడంలోనే ఉంది. తేమ 6 శాతం దాకా దిగకపోతే బూజు పడుతుంది, నూనె తొందరగా పాడవుతుంది. మన కోనసీమ ముసురులో డాబా మీద ఏం ఎండుతుంది? వానాకాలం గానుగ ఆపేస్తున్నాను.

సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్: నూనె గడ్డకట్టింది, డాల్డా కలిపారా అని! సుమారు 24 డిగ్రీల కిందకి వెళితే కొబ్బరినూనె పేరుకుంటుందని ఇప్పుడు లేబుల్ మీదే వేయించాను. సీసాలు కూడా వెడల్పు మూతివి మార్చాను.

లాభమంటారా, ఖర్చులు పోను కాస్త మిగులుతోంది, జీతమంత కాదు. నూనె తీశాక మిగిలే కొబ్బరిచెక్క మాత్రం గేదెలున్నవాళ్ళు వచ్చి పట్టుకుపోతున్నారు.