నేలపట్టు, పులికాట్: తిరుపతి నుంచి ఒక్కరోజులో చూసి రావచ్చా?

తిరుపతి వాసి: జనవరిలో అమ్మను, ఇద్దరు పిల్లలను తీసుకుని నేలపట్టు పక్షులను, పులికాట్ సరస్సును చూసి, వీలైతే తూపిలిపాళెం సముద్రతీరానికి కూడా వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలని అనుకుంటున్నాము. ముందుగా ఎక్కడికి వెళ్లాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సూళ్లూరుపేట ఉపాధ్యాయుడు: శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వస్తే ముందు తగిలేది దొరవారిసత్రం దగ్గరి నేలపట్టే కనుక, ఎండ ముదరక ముందే అక్కడికి చేరుకోండి. చెరువు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి, పిల్లలకు ముక్కు సంచిలోని చేపలను అందించే దృశ్యాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. పక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు కూడా కనిపిస్తాయి. పక్షుల రాకను శుభంగా భావించే ఈ ఊరి రైతులకు, రెట్ట కలిసిన చెరువు నీరే పొలానికి ఎరువు.

చిత్తూరు గృహిణి: సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డుపై మేము మధ్యాహ్నం ఆగాము. ఎండ వేడికి కదిలే గాలిలో ఫ్లెమింగోలు దూరపు చుక్కల్లా తోచాయి. మా చిన్నవాడు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టగానే దగ్గరగా ఉన్న గుంపంతా లేచిపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అవి లోతులేని నీటిలో ముక్కును తలకిందులుగా పెట్టి, బురదను వడకట్టి నాచును, చిన్న రొయ్యలను తింటాయి, ఆ ఆహారం వల్లనే రెక్కలకు గులాబి వన్నె వస్తుంది. బెదిరి లేచిన ప్రతిసారీ ఆ మేత ఆగిపోతుందండి. సాయంత్రం 4 గంటల తరువాత వెళ్లి, కారు దిగకుండా బైనాక్యులర్‌తో చూడండి.

సూళ్లూరుపేట ఉపాధ్యాయుడు: చిత్తూరు అమ్మగారు చెప్పిన సమయమే సరైనది. అనుమతి లేనిదే అంతరిక్ష కేంద్రంలోకి పోనివ్వరు కాబట్టి గేటుకు ముందే వెనుదిరగవలసి ఉంటుంది. పడవ ఎక్కాలనుకుంటే తడ దగ్గరి భీములవారిపాళెం రేవు ఉంది, అయితే గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పెద్దవారిని ఎక్కించకండి. తూపిలిపాళెం వాకాడు వైపు వేరే దిక్కున ఉంది, దాన్ని ఇంకో రోజుకు ఉంచుకోండి.

తిరుపతి వాసి: మీ ఇద్దరికీ కృతజ్ఞతలండి. సముద్రం మానుకున్నాము, ఉదయం నేలపట్టు, మధ్యాహ్నం సూళ్లూరుపేటలో చెంగాళమ్మ దర్శనం, సాయంత్రం సరస్సు అని అమ్మ నిర్ణయించింది. చప్పట్ల సంగతి పిల్లలకు ఇప్పుడే చదివి వినిపించాను.