రబ్బీ ముద్ర వెయ్యకపోతే యూదుడు యూదుడు కాకుండా పోతాడా?

పాపారావు_తెనాలి
అందరికీ నమస్కారం. బొంబాయి వైపు బెనె ఇజ్రాయెల్ అని యూదులు ఉన్నారు కదా, వాళ్ళ గురించి చదివినప్పట్నుంచి బుర్ర తొలిచేస్తోంది, అందుకే ఈ దారం మొదలెట్టా. కొంకణ తీరంలో వందల ఏళ్ళు గానుగ ఆడించుకుని బతికారు, శనివారం గానుగ కట్టరని చుట్టుపక్కల జనం వాళ్ళని శనివార్ తేలీ అనేవాళ్ళు. రబ్బీ (యూదుల మతగురువు) అనే మనిషి వాళ్ళలో లేడు. ఖాజీ అని వాళ్ళలోనే ఒక పెద్దమనిషి పెళ్ళిళ్ళూ తగాదాలూ చూసేవాడు. అయినా సున్తీ మానలేదు, శనివారం మానలేదు, దేవుడొక్కడే అని చెప్పే షెమా ప్రార్థన మర్చిపోలేదు. అలాంటివాళ్ళు ఇజ్రాయెల్ వెళ్తే 1962లో అక్కడి రబ్బీల పెద్ద సంస్థ (రబ్బినేట్ అంటారు) ఏం రాసిందంటే, వీళ్ళ పిల్లకి పెళ్ళి చెయ్యాలంటే తల్లీ అమ్మమ్మా ఇంకా పైకి ఎంత వీలైతే అంత ఆరా తియ్యాలట! జెరూసలేంలో ధర్నాకి కూర్చుని, అది పార్లమెంటు దాకా వెళ్ళి, 1964లో గానీ ఆ కాగితంలోంచి వీళ్ళ పేరు తియ్యలేదు. రబ్బీ లేకుండా అన్నాళ్ళు నిలబడ్డవాళ్ళని రబ్బీ వచ్చి నువ్వెవరు అని అడగడమేంటి? ఆ అధికారం ఎవరిచ్చారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఊరికే_చదివేవాడు
ఏ మతంలో అయినా పూజారుల పెత్తనం అంతే సార్.

శాస్త్రి_నల్లకుంట
ముందు ఆ పూజారి అన్న మాట తీసెయ్యండి. రబ్బీ పూజారి కాదు. పాపారావు గారికి బైబిల్ బాగా తెలిసే ఉంటుంది, యోహాను సువార్త మొదటి అధ్యాయంలోనే రబ్బీ అంటే బోధకుడు అని అర్థం రాసిపెట్టి ఉంది. బలులు ఇచ్చేవాడు యాజకుడు, కోహెన్, అహరోను వంశంలో పుడితేనే అవుతాడు. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయం కూల్చేశాక ఆ పని ఆగిపోయింది. యోహానాన్ బెన్ జక్కాయ్ అనే ఆయన యవ్నె అనే ఊళ్ళో కూర్చుని చదువు నిలబెట్టాడు కాబట్టి మతం మిగిలింది. రబ్బీ పుట్టుకతో రాడు, చదివితే వస్తాడు. చెప్పులు కుట్టేవాడి కొడుకైనా రబ్బీ కావచ్చు. ప్రార్థనకి కూడా రబ్బీ అక్కర్లేదు, పదిమంది మగవాళ్ళు పోగైతే చాలు (కొన్ని శాఖల్లో ఆడవాళ్ళనీ లెక్కపెడతారు), ఎవరో ఒకరు ముందు నిలబడి చదువుతారు.

ఇక బెనె ఇజ్రాయెల్ సంగతి. వాళ్ళు యూదులు కాదని ఆ రబ్బీలు అనలేదండీ. అనుమానం విడాకుల దగ్గర వచ్చింది. యూదు ధర్మంలో విడాకులంటే గెట్ అనే పత్రం ఉండాలి, లేఖకుడు ఆ జంట కోసమే పేర్లతో సహా రాయాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి, మొగుడు పెళ్ళాం చేతికి ఇవ్వాలి. అది తప్పితే ఆవిడ ఇంకా మొదటివాడి భార్యే. రెండో పెళ్ళిలో పుట్టిన పిల్లలు మమ్జేర్ అవుతారు, వాళ్ళు మామూలు యూదుల్ని పెళ్ళాడ్డానికి వీల్లేదు. గెట్ సరిగ్గా రాయించే పండితుడు అక్కడ లేడు కాబట్టి ఆరా. మీరు దాన్ని అవమానంలా చూస్తున్నారు, వాళ్ళు దాన్ని ఆ పిల్లల భవిష్యత్తులా చూశారు.

పాపారావు_తెనాలి
పిల్లల భవిష్యత్తట! అమ్మమ్మ విడాకులు తీసుకుందో లేదో చెప్పమని మనవరాలిని నిలదీస్తే భవిష్యత్తు బాగుపడుతుందా శాస్త్రి గారూ?

లా_ఫైనలియర్
చిన్న డౌట్. యూదుల పెళ్ళికి రబ్బీ కంపల్సరీనా కాదా? ఒక్క ముక్కలో చెప్పండి.

శాస్త్రి_నల్లకుంట
ధర్మం ప్రకారం కాదు. వరుడు ఉంగరం ఇచ్చి మంత్రం లాంటి ఒక వాక్యం అనాలి, దానికి అర్హత ఉన్న సాక్షులు ఇద్దరు చూడాలి. ఆశీర్వాదాలకి పదిమంది. రబ్బీ ఉండేది తప్పు జరక్కుండా చూడ్డానికి.

లా_ఫైనలియర్
కానీ ఇజ్రాయెల్లో రిజిస్టర్ అవ్వాలంటే రబ్బినేట్ ద్వారానే కదా, 1953 చట్టం. సివిల్ మ్యారేజ్ లేదు, జనం ఫ్లైటెక్కి సైప్రస్ వెళ్ళి చేసుకొస్తున్నారు. 2013 నుంచి రబ్బినేట్‌కి తెలీకుండా మతప్రకారం పెళ్ళి చేసి రిజిస్టర్ చెయ్యకపోతే జైలు కూడా, రెండేళ్ళ వరకూ. సో కంపల్సరీ.

శాస్త్రి_నల్లకుంట
అది దేశ చట్టం. నేను చెప్పేది ధర్మశాస్త్రం.

లా_ఫైనలియర్
జైల్లో పెడితే రెండూ ఒకటే సార్.

నిర్మల_హైఫా
నేను పెద్దగా చదువుకోలేదు కానీ ఒకటి చెప్తా. ఇక్కడ హైఫాలో ఒక ముసలావిడని చూసుకునే పని, నాలుగేళ్ళయింది, ఎప్పుడో రుమేనియా నుంచి వచ్చిన ఆవిడ, నేను బామ్మ అనే పిలుస్తా. వీళ్ళకి పాలూ మాంసం కలవకూడదు, అందుకని వంటింట్లో పాలకి వేరే గిన్నెలు మాంసానికి వేరే గిన్నెలు, నీలం చుక్క పెట్టినవి పాలవి, ఎర్ర చుక్కవి మాంసానివి. వచ్చిన కొత్తల్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం కోడి చారు తెర్లుతుంటే నేను చూసుకోకుండా నీలం గరిటె పెట్టి కలిపేశా. బామ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. నేనైతే ఉద్యోగం పోయిందనే అనుకున్నా, ఏడుపొచ్చేసింది. ఆవిడ రబ్బీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆయన అడిగిందల్లా ఇదీ, ఆ గరిటెతో వేడి పాలు కలిపి 24 గంటలు దాటిందా, చారు మరుగుతోందా, గిన్నెలో చారెంత గరిటె ఎంత (అరవై వంతుల లెక్క ఏదో ఉందంట). బుధవారం పాలజావకి వాడాం, తర్వాత వాడలేదు అని చెప్పాం. అయితే చారు తినొచ్చు, గిన్నెకేం కాలేదు, గరిటె మాత్రం పక్కన పెట్టెయ్యండి అన్నాడు. చివర్న ఆ పిల్లని ఏమీ అనకండి అన్నాడు. నాలుగు నిమిషాలు పట్టిందేమో. ఆయన లేకపోతే బామ్మ చారు మొత్తం పారబోసేది, నా మీద కోపం వారం ఉండేది. నాకు తెలిసిన రబ్బీ అంటే ఇంతే.

ఊరికే_చదివేవాడు
అక్కా సూపర్.

శాస్త్రి_నల్లకుంట
నిర్మల గారు చెప్పిందే నేను మొదట్నుంచీ చెప్తున్నది. చదువు లేనివాడు భయంతో అన్నీ నిషేధిస్తాడు, ఇది తినొచ్చు అని చెప్పడానికి చదువు కావాలి. యోసెఫ్ కారో రాసిన షుల్‌ఖాన్ ఆరుఖ్ అనే ధర్మశాస్త్ర పుస్తకం 1565లో వెనిస్‌లో అచ్చయింది, దాంట్లో ఈ గరిటెల లెక్కలు అన్నీ ఉన్నాయి, అయినా పుస్తకం చూసి బామ్మ తేల్చుకోలేదు, ఒక మనిషి కావాలి.

పాపారావు_తెనాలి
గరిటె దగ్గర నాకేం పేచీ లేదు. గరిటెకి ఏడుపు రాదు. మనుషుల్ని కూడా పాల గిన్నె మాంసం గిన్నె అని చుక్కలు పెట్టి విడదీస్తున్నారు చూడండి, దాని గురించే నేను అడిగింది. ప్రభువు ఊరికే అనలేదు, శాస్త్రులు పరిసయ్యులు మోయలేని బరువులు కట్టి జనం భుజాల మీద పెడతారని, తాము వేలితో కూడా కదపరని.

శాస్త్రి_నల్లకుంట
శాస్త్రులు అన్న మాట నన్ను చూసే వాడారని అర్థమైంది. సంతోషం. పరిసయ్యులంటే మీ చర్చిలో విలన్లు, వాళ్ళ వారసులే ఈ రబ్బీలు, వాళ్ళు రాసిపెట్టింది ఒక్క ముక్క చదవకుండా ఆదివారం ప్రసంగం తెచ్చి ఇక్కడ పోస్ట్ చెయ్యడం చర్చ కాదు. యూదుల మీద జనం ఇన్ని శతాబ్దాలు విషం కక్కింది ఇదే మాట పట్టుకుని.

పాపారావు_తెనాలి
నేను విషం కక్కానా?? అరవై రెండేళ్ళొచ్చాయి నాకు, మీరు నాకు నేర్పక్కర్లేదు. అగ్రహారం బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు.

అడ్మిన్
ఇద్దరూ ఆగండి. కులం, చర్చి రెండూ పక్కన పెట్టండి. ఇంకోసారి వస్తే దారం లాక్ చేస్తా.

లా_ఫైనలియర్
లాక్ చేసే ముందు నా డౌట్ కి ఆన్సర్. అధికారం ఎవరిచ్చారని పాపారావు గారు మొదట్లోనే అడిగారు, ఎవరూ చెప్పలేదు.

శాస్త్రి_నల్లకుంట
చెప్తా. మోషే నుంచి చేతులుంచి ఇచ్చుకుంటూ వచ్చిన పరంపర, సెమిఖా అంటారు, అది దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందటే తెగిపోయింది. 1538లో సఫేద్ ఊళ్ళో యాకోవ్ బెరాబ్ అనే ఆయన మళ్ళీ మొదలెడదామని చూస్తే జెరూసలేం పండితుడు ఒప్పుకోలేదు, ఆగిపోయింది. ఇప్పుడు ఇచ్చేది చదివాడు, తీర్పు చెప్పగలడు అన్న యోగ్యతాపత్రం, అంతే. వాడి మాట వినాలా వద్దా అన్నది ఊళ్ళో జనం ఆయన్ని పెట్టుకుంటారా లేదా అన్నదాని మీద ఉంటుంది. పాతకాలపు పెద్ద యూదు పండితుడు మైమొనిదీస్ అయితే ఈ చదువుని అడ్డం పెట్టుకుని డబ్బు తీసుకోవడమే తప్పన్నాడు, ఆయన వైద్యం చేసుకుని బతికాడు. రబ్బినేట్ అనే ఆఫీసు 1921లో, బ్రిటిష్ పాలనలో పెట్టింది.

లా_ఫైనలియర్
అంటే రెండు వేల ఏళ్ళ సంప్రదాయం అని చెప్పి చూపించేది తెల్లోళ్ళ కాలం నాటి ఆఫీసా 😀

శాస్త్రి_నల్లకుంట
రబ్బీ వేరు, రబ్బీల ఆఫీసు వేరు అని ఒప్పుకుంటాను. ఆ తేడా నేను ముందే చెప్పి ఉండాల్సింది.

చేబ్రోలు_బుల్లోడు
బాబాయిలూ ఇందాకట్నుంచీ చదువుతున్నా. మీరు బొంబాయి దాకా ఎందుకు వెళ్ళారో, మా పక్కనే కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని ఉన్నారు, మేం ఇశ్రాయేలు గోత్రం వాళ్ళం అని వాళ్ళు చెప్పుకుంటారు, తొంభైల్లో సునగోగు (యూదుల ప్రార్థనామందిరం) పెట్టుకున్నారు. అంతకుముందు చర్చికే వెళ్ళేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం దీపాలు పెడతారు, హీబ్రూ నేర్చుకుంటున్నారు, ఇంట్లో మాత్రం తెలుగే. ఇజ్రాయెల్ రబ్బినేట్ వీళ్ళని ఇప్పటిదాకా గుర్తించలేదు. అటు మణిపూర్ మిజోరాం వైపు బ్నె మెనాషే వాళ్ళని 2005లో చీఫ్ రబ్బీ ష్లొమో అమార్ ఇశ్రాయేలు సంతతే అన్నాడు, అన్నాక కూడా మతంలోకి తీసుకునే తంతు మళ్ళీ చేయించారు. ఇప్పుడు చెప్పండి, మా వాళ్ళు యూదులా కాదా? పాపారావు బాబాయ్ లెక్కన ఆచరిస్తే చాలు. శాస్త్రి గారి లెక్కన కాగితం ఉండాలి. అవునా?

శాస్త్రి_నల్లకుంట
కాగితం కాదు బాబూ. రేపు నేను యూదుణ్ణి అని నేనంటే?

చేబ్రోలు_బుల్లోడు
మీరు అనరుగా. మీకు అవసరం లేదు. మీరెవరని మిమ్మల్ని ఎవరూ అడగలేదు ఎప్పుడూ.

పాపారావు_తెనాలి
అదీ మాట. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తా. మా అమ్మాయి పెళ్ళి, అబ్బాయి తరపు చర్చిలో. శుభలేఖలు పంచేశాం, ఇంక మూడు వారాలుంది. ఆ పాస్టరు బాప్తిస్మం సర్టిఫికెట్ తెమ్మన్నాడు. తెచ్చా. చూసి, ఇది చిలకరింపు బాప్తిస్మం, చెల్లదు, ముంచాలి అన్నాడు. మా నాన్న కట్టించిన చర్చిలో, మా నాన్న చేతుల్లో ఉండగా ఇచ్చిన బాప్తిస్మం అది. ఇరవై నాలుగేళ్ళ పిల్లని తెల్లబట్టలేసి సిమెంటు తొట్టిలో ముంచారు. పైకి లేచి నావైపు చూసింది, నేను ఆ చూపు తట్టుకోలేక తల దించుకున్నా. నాన్నా ఇప్పటిదాకా నేను క్రైస్తవురాలిని కాదా అంది ఆటోలో వస్తూ. 1962 కాగితం సంగతి చదివితే నాకు ఆ తొట్టి గుర్తొచ్చింది. అంతే.

నిర్మల_హైఫా
అయ్యో పాపారావు గారూ.

శాస్త్రి_నల్లకుంట
పాపారావు గారూ, అగ్రహారం అన్నందుకు కోపం పోలేదు కానీ ఇది చదివాక దాన్ని పక్కన పెడుతున్నా. నా వైపు సంగతీ చెప్తా. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. పన్నెండేళ్ళు గురువు దగ్గర చదివిన మనిషి. పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు పంతులుగారూ మీరు కొంచెం జరగండి అనేవాడు, ఆడపెళ్ళివాళ్ళు భోజనాలు చల్లారిపోతున్నాయి ఆ మంత్రాలేవో కట్ చెయ్యండి అనేవాళ్ళు. ఆయన కట్ చేసేవారు కాదు. దానికి ఆయన్ని చాదస్తం అన్నారు. ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు చేసుకోవచ్చు అంటే నాకు ఆ పెళ్ళి పందిళ్ళు గుర్తొస్తాయి. అందుకే చదివినవాడి మాట పోకూడదని నా పంతం. మీకు చదివినవాడు తొట్టి పక్కన కనపడ్డాడు, నాకు పందిట్లో.

తల్మూద్‌లో (పాతకాలం రబ్బీల వాదనలు రాసిపెట్టిన గ్రంథం) ఒక కథ ఉంది. ఒక మట్టి పొయ్యి శుద్ధమా కాదా అని వాదన. రబ్బీ ఎలియెజెర్ ఒక్కడే శుద్ధమన్నాడు, మిగతావాళ్ళు కాదన్నారు. నా మాట నిజమైతే ఆ చెట్టు కదలాలి అన్నాడు, కదిలింది. కాలవ వెనక్కి పారింది. చివరికి ఆకాశవాణి కూడా ఆయనదే రైట్ అంది. అయినా రబ్బీ యెహోషువ లేచి, ధర్మం ఆకాశంలో లేదు అన్నాడు. అంటే మెజారిటీ ప్రకారమే అని తర్వాత రబ్బీ యిర్మియా వివరించాడు.

పాపారావు_తెనాలి
దేవుడు చెప్పినా వినని వాళ్ళు మా అమ్మాయి చెప్తే వింటారా అండీ.

శాస్త్రి_నల్లకుంట
పూర్తిగా వినండి. అందరూ ఇక్కడి దాకానే చెప్తారు. తర్వాత ఆ ఎలియెజెర్‌ని వెలివేశారు. ఆయన ఏడ్చాడు, ఆ ఏడుపుకి పంటలు దెబ్బతిన్నాయి, వెలివేసినవాళ్ళ పెద్ద రబ్బన్ గమలియేలు చివరికి చచ్చిపోయాడు. ఈ కథ అంతా ఏ భాగంలో పెట్టారో తెలుసా, మాటతో మనిషిని నొప్పించకూడదు అనే చోట. కొత్తగా మతంలోకి వచ్చినవాళ్ళ పిల్లలకి నీ పూర్వీకులు ఏం చేశారో గుర్తు తెచ్చుకో అని అనకూడదని కూడా అక్కడే ఉంది. అంటే 1962 కాగితం రాసినవాళ్ళు ఆ పేజీ చదివే ఉంటారు. నేనింకేం చెప్పలేను.

లా_ఫైనలియర్
సో ఫైనల్ గా పెళ్ళికి రబ్బీ కంపల్సరీనా కాదా?

చేబ్రోలు_బుల్లోడు
ఒరేయ్ నువ్వింకా అక్కడే ఉన్నావా.

పాపారావు_తెనాలి
శాస్త్రి గారూ, ఆ మాట అన్నందుకు ఏమీ అనుకోకండి, ఆవేశంలో అన్నా. కానీ నా ప్రశ్న నాకలాగే ఉంది. కొత్తరెడ్డిపాలెం వాళ్ళకి మీరు జవాబివ్వలేదు.

శాస్త్రి_నల్లకుంట
ఇవ్వలేదు. నా దగ్గర లేదు.

పాపారావు_తెనాలి
నిర్మలమ్మా, ఇంతకీ ఆ నీలం గరిటె ఏం చేశారు? పారేశారా?

నిర్మల_హైఫా
లేదండీ. మరిగే నీళ్ళలో ముంచితే మళ్ళీ వాడొచ్చన్నారు కానీ బామ్మకి మనసొప్పలేదు. బాల్కనీలో కొత్తిమీర కుండీ ఉంది, మట్టి గుల్ల చెయ్యడానికి అదే వాడుతున్నా.