బస్తీలో సరుకుల పంపిణీ: చివరివాళ్లకు అందడం లేదు, ఏం మార్చాలి?

ప్రశ్న
మా చిన్న బృందం ఒక బస్తీలో 60 కుటుంబాలకు నెలకోసారి సరుకుల సంచులు ఇస్తోంది. ఎంతమంది ఉన్న ఇంటికైనా ఒకే సంచి. వరుసలో చివరివాళ్లకు చాలడం లేదు, కొందరు రెండుసార్లు తీసుకుంటున్నారు, నిజంగా అవసరమున్న వృద్ధులు, దినకూలీలు రావడమే లేదు. జాబితా ఎలా రాసుకోవాలి? ఇంటికి ఎంత ఇవ్వాలి?

జవాబు 1
ముందు జాబితా సరిచేయండి, మిగతా తిప్పలన్నీ అక్కడే పుడుతున్నాయి. బస్తీ పెద్ద ఒక్కరినే అడిగి పేర్లు రాసుకుంటే ఆయన చుట్టాలూ, ఆయన మనుషులే వస్తారు. సాయంత్రం, పనులకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, ఇద్దరిద్దరుగా ఇంటింటికీ వెళ్లండి. ఇంట్లో ఎందరు, సంపాదించేది ఎందరు, పసిపిల్లలు, గర్భిణులు, మంచాన పడ్డవాళ్లు ఉన్నారా అన్నది చాలు. గుర్తింపు కార్డు ఉండాలని పట్టుబట్టకండి. ఏ కాగితమూ లేనివాళ్లే తరచుగా ఎక్కువ ఇబ్బందుల్లో ఉంటారు. ఎంపిక నియమాలు అందరికీ కనపడేలా అంటించి, వారం పాటు అభ్యంతరాలు వినండి. అద్దెకుండేవాళ్లు ఇళ్లు మారుతుంటారు కాబట్టి మూడు నెలలకోసారి మళ్లీ తిరగాలి.

ఇంటికో నంబరు కార్డు ఇచ్చి, సరుకు ఇచ్చినప్పుడల్లా ఆ నెల గడిలో రంధ్రం చేయండి. రెండోసారి తీసుకోవడం ఆగుతుంది. రాలేనివాళ్ల బదులు ఎవరు రావచ్చో కార్డు మీదే రాయండి. ఒక్కో ఇంటికి రెండు నిమిషాలు పడుతుంది, అంటే ఒక బల్ల దగ్గర అరగంటకు 15 ఇళ్లు. అందరినీ ఒకేసారి పిలవకుండా కార్డు మీద సమయం వేయండి.

జవాబు 2
కొలతలు మనిషి లెక్కన వేయండి, ఇంటి లెక్కన కాదు. సహాయ సంస్థలు మామూలుగా పాటించే కొలత మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, 5 గ్రాముల అయొడైజ్డ్ ఉప్పు. నెలంతటికీ ఇవ్వలేకపోతే ఎన్ని రోజులకు సరిపడా ఇస్తున్నారో ముందే చెప్పండి. పది రోజులకైతే నలుగురికి ధాన్యం 16 కిలోలు, పప్పు 2.4, నూనె ఒక కిలో, ఉప్పు 200 గ్రాములు. మొత్తం దాదాపు 20 కిలోలు! ముసలివాళ్లు మోయలేరు. పదిహేను రోజులకోసారి పది కిలోల చొప్పున ఇవ్వండి.

నూనె దగ్గర చాలామంది పొరబడతారు. లీటరు నూనె దాదాపు 920 గ్రాములే తూగుతుంది, కొనేటప్పుడు లీటరునీ కిలోనీ ఒకటే అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు
థాంక్సండీ. సంచులు ముందురోజే కట్టి పెట్టుకోవచ్చా?

జవాబు 2
కట్టవచ్చు. పదింట ఒక సంచిని మళ్లీ తూచండి, మూడు సంచులు అదనంగా ఉంచండి. మూటలను నేల మీద కాక చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చండి. సబ్బులు విడిగా ఉంచాలి, ధాన్యానికి వాసన పడుతుంది. బూజు పట్టిన ధాన్యాన్ని ఎండబెట్టి ఇవ్వడం మాత్రం వద్దు, ఆ విషం ఎండకూ, మామూలు వంటకూ పోదు.

జవాబు 3
దగ్గర్లో దుకాణాలుండి సరుకు దొరుకుతుంటే, నా ఓటు డబ్బుకే. మోత, నిల్వ, తూకం ఏవీ ఉండవు, ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కుంటారు. కాకపోతే ధరలు పెరిగినప్పుడల్లా మొత్తం సవరించాలి. ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో కూడా ముందే అడగండి. సరుకైనా డబ్బైనా, వారం తర్వాత ఆరు ఇళ్లకు వెళ్లి ఎంత అందిందో కనుక్కోండి. పంచినవాళ్లు కాకుండా వేరేవాళ్లు వెళ్తేనే జనం నిజం చెబుతారు.